వడగుడ్డ

"బావా, అన్నీ తెచ్చాం గానీ వడగుడ్డ మర్చిపోయాం. ఇంట్లో తెల్లగుడ్డ ఏదన్నా ఉంటే ఇలా పడెయ్యి" అన్నాడు ఇలియేసా పందిట్లోంచి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మా చెల్లెలు దాచుకున్నది ఎక్కడో ఉండే ఉంటుందిలే, కాస్త వెతుకు" అని కూడా అన్నాడు. చాపల మీద కూర్చున్న కందవు దీవి మగవాళ్ళు ఒళ్ళు కదిలేలా నవ్వారు. వాళ్ళ మధ్య నాలుగు కాళ్ళ కొయ్యగిన్నె ఖాళీగా ఉంది, పక్కన బకెట్టులో నీళ్ళు, కాగితం పొట్లంలో, నీళ్ళల్లో పిసికి వడకట్టి మత్తు కోసం తాగే యంగోనా వేరు దంచిన పొడి, తాగడానికి కొబ్బరి చిప్ప, లేనిదల్లా గుడ్డ ఒక్కటే. గుమ్మంలో నిలబడ్డ అపిసాయ్ కూడా నవ్వాడు. నవ్వక తప్పదు. బావ మాటకి ఉడుక్కున్నవాడు ఓడిపోయినట్టే, అది చావు ఇల్లయినా సరే, పోయింది కట్టుకున్నదైనా సరే. ఏడ్చేవాళ్ళు ఏడుస్తుంటే బావలు ఎగతాళి చెయ్యాలి, లేకపోతే దుఃఖం గొంతుకి అడ్డం పడుతుందని పెద్దలు పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. మామగారు పోయినప్పుడు, నోట్లో నాలుక లేని తను కూడా శవం పక్కన కూర్చుని, ముసలాయన గురక ఆగింది గనక ఇవాళ్టి నుంచి దీవిలో కోళ్ళు కూడా సుఖంగా నిద్రపోతాయని అనలేదూ. ఇలియేసా అప్పుడు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఈ నవ్వు మాత్రం పళ్ళ దగ్గరే ఆగిపోయింది. అపిసాయ్ తల ఊపి లోపలికి తిరిగాడు.

లోపల కెలెరా పెట్టెలో ఉంది. అల్లిక చాపలు ఒకదాని మీద ఒకటి పరిచి, వాటి మీద పెట్టె పెట్టి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. ఇంకాసేపట్లో బండి వస్తుంది. కొండ మీద గొయ్యి తవ్వి ఉంది. పెట్టె దించేముందు పిల్ల తరఫున మాట్లాడవలసింది ఇలియేసా, అన్న గారు కదా, ఆ మాటే చివరి మాట. ఆ మాటనే పడవలో వేసుకుని కందవు పోతారు, అక్కడ ఇంటింటా దించుతారు, ఇక కెలెరా అంటే ఆ మాటే. ఏం చెప్పబోతున్నాడో అపిసాయ్‌కి తెలుసు. నిన్న పందిరి గుంజలు పాతుతూనే అన్నాడు, "పోనీలే బావా, మా దీవి పిల్ల, అది వేరుని వదిలినా వేరు దాన్ని వదల్లేదు, దేవుడు క్షమిస్తాడు" అని. ఎగతాళిగా కూడా కాదు, మెల్లగా, భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగా. క్షమిస్తాడట. చెయ్యని తప్పుకి క్షమాపణ. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు, ప్రేమగా అన్నదానికి ఏం చెయ్యాలి, ఆ గుంజ పట్టుకుని నిలబడ్డాడు, అంతే. మాట్లాడేది కెలెరా. ఇద్దరి మాటా ఆవిడే మాట్లాడేది. చేపల ధర కూడా ఆవిడే చెప్పేది, తను పడవ కడిగేవాడు.

గుడ్డ. గుడ్డ ఎక్కడుంటుంది. పెట్టె మూత సగం తీసి ఉంది, మొహం కనిపిస్తోంది. పౌడరు రాసినా పసుపు పోలేదు. ఆ పసుపు మొదట కళ్ళల్లోకి వచ్చింది, తర్వాత గోళ్ళల్లోకి, ఆ తర్వాత దురద, అరికాళ్ళ దురద, రాత్రీ పగలూ కొబ్బరి పీచుతో రుద్దుకునేది. తర్వాత కాళ్ళూ చేతులూ పుల్లలైపోయి కడుపు ఒక్కటే కుండలా ఉబ్బింది. సన్నటి మనిషి. షుగరు లేదు. హెపటైటిస్ కాదని నెత్తురు పరీక్ష చేసి ఆస్పత్రి వాళ్ళే చెప్పారు. చెప్పి, ఆ చెప్పిన నోటితోనే పెద్ద నర్సు అడిగింది, "ఏమ్మా, రోజుకి ఎన్ని చిప్పలు?" అని. అంటే ఎన్ని చిప్పలు యంగోనా తాగుతావు అని. తాగుతావా అని కాదు. ఎన్ని అని. "ఒక్కటీ లేదమ్మా, మేము శనివారం చర్చి వాళ్ళం, యంగోనా ముట్టం, సారా ముట్టం" అంది కెలెరా. నర్సు నవ్వింది. "ముట్టదు" అన్నాడు అపిసాయ్ కూడా. "మొగుళ్ళందరూ ఇదే అంటారు పెద్దాయనా, ఇంట్లో ఏం జరుగుతుందో చేపలు పట్టేవాళ్ళకేం తెలుసు" అంది ఆ నర్సు, పక్క మంచం వాళ్ళు కూడా నవ్వారు. కెలెరా గోడ వైపు తిరిగి పడుకుంది. ఆస్పత్రి గోడ మీద గాలి వచ్చే కంతలున్నాయి, వాటి చుట్టూ నల్లగా మసి పట్టి ఉంది, ఆవిడ వేలితో ఆ మసిని తుడిచి, వేలు తనకి చూపించింది. మాట్లాడే మనిషి మాట మానేసింది అప్పుడే.

"నాన్నా, ఏం కావాలి?" అంది ఉనైసి, పెట్టె తల వైపు కూర్చున్న కూతురు. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఉనైసి మళ్ళీ తల వంచుకుంది, వంచుకుని అరిచెయ్యి గోకింది. మామూలుగానే గోకిందేమో. దోమ కుట్టిందేమో. ఈ మధ్య ఎవరు గోక్కున్నా అపిసాయ్ వాళ్ళ కళ్ళల్లో పసుపు వెతుకుతున్నాడు. పొద్దున్న చీకటితో లేచి, ఇంట్లో శవం ఉండగా, ఈ పిల్ల కిటికీల అద్దపు రెక్కలు ఒక్కొక్కటే తుడిచింది. ఎందుకే ఇవాళ అంటే, వచ్చినవాళ్ళు అమ్మ ఇల్లు నల్లగా ఉందనుకుంటారు నాన్నా అంది.

అనుకుంటారు. ఏమైనా అనుకుంటారు. కందవు పిల్ల కదా, యంగోనా తోటల మధ్య పుట్టింది కదా, వాళ్ళ నాన్న దంచే రోటి చప్పుడు వింటూ నిద్రపోయింది కదా, ముట్టలేదంటే ఎవరు నమ్ముతారు. చేపలమ్మ ఇంట్లో పుట్టినదానికి నీచు వాసన వస్తుందనే లోకం ఇది. ఎందుకు ముట్టలేదో ఎవరికీ అక్కర్లేదు. పెళ్ళికి ముందే వాళ్ళ నాన్న మీద అలిగి, రాత్రంతా గిన్నె చుట్టూ కూర్చుని పొద్దెక్కేదాకా లేవని మగవాళ్ళ మీద అలిగి, నా ఇంట్లో ఈ గిన్నె ఉండదు అని ఒట్టు వేసుకుంది. అందుకే శనివారం చర్చి కుర్రాడినే చేసుకుంది, మాట రానివాడైనా. ఆ ఒట్టు తెలిసిన అన్న ఈ ఇలియేసా. అతనికే గుర్తు లేదు. లేక గుర్తుండీ, చచ్చిన మనిషి ఒట్టు కన్నా ఊరి మాటే బరువనుకున్నాడా. ఊరిని అనడమెందుకు, సొంత చర్చి పెద్దలు మాత్రం తక్కువా. ఇద్దరు వచ్చారు, కోట్లు వేసుకుని, ఆస్పత్రి మంచం దగ్గర మోకాళ్ళు వేసి ప్రార్థన చేసి, లేచి, "సోదరీ, దాపరికం ఏమన్నా ఉంటే ఇప్పుడే దించేసుకో, తేలిక పడతావు" అన్నారు. ఆ కడుపుతో, ఆ నీరు పట్టిన కడుపుతో ఉన్న మనిషిని, దించేసుకో అన్నారు. శనివారం ప్రార్థన అయ్యాక ఆవిడ చేతి చేమాకు కూర తిన్న నోళ్ళే అవి. అపిసాయ్ వాళ్ళ బూట్ల వైపు చూశాడు. నల్ల బూట్లు, మెరుస్తున్నాయి, వాటి మీద మాత్రం మసి లేదు. వాళ్ళ ఇళ్ళు కొండ అవతల, గాలి వచ్చే వైపు.

ఈ బస్తీ గాలి పోయే వైపు. అందుకే బస్తీ అయింది, ఇంకెవరూ ఉండరు గనక. చక్కెర మిల్లు వెనక, మడచెట్ల బురద పక్కన, చెత్తదిబ్బకి ఆనుకుని. చెరకు ఆడే నెలల్లో మిల్లు గొట్టం లోంచి పిప్పి పొగ, తోటలు తగలబెట్టే సాయంత్రాలు ఆకాశం నుంచి నల్లటి ఈకలు పడేవి, పిల్లలు వాటిని మంచు అని పట్టుకునేవాళ్ళు. మిల్లు ఆగితే దిబ్బ అంటుకునేది. దిబ్బకి కాలం లేదు, ఎప్పుడైనా అంటుకుంటుంది, అంటుకుంటే వారాల తరబడి లోలోపల రగులుతుంది, టైర్లు, ప్లాస్టిక్కు, చచ్చిన కుక్కలు, పిల్లల గుడ్డలు, రాగి కోసం కాల్చే తీగలు. ఆ పొగ లేవదు, పాకుతుంది, పిల్లిలా ఇళ్ళల్లోకి వస్తుంది. ఒకసారి పురపాలక సంఘం వాళ్ళు మైకు కట్టుకుని వచ్చి కిటికీలు మూసుకోండి అని చెప్పి పోయారు. కిటికీలు మూసుకోండి. అద్దపు రెక్కల కిటికీలు, సగం రెక్కలు విరిగినవి, రేకు గోడలు, గోడకీ కప్పుకీ మధ్య పిడికిలి పట్టే సందు. ఏం మూసుకోవాలి. ముక్కు మూసుకోవాలి. కెలెరా వాళ్ళ బండి వెనక నడిచింది, మైకు పట్టుకున్న కుర్రాడిని అడిగింది, "బాబూ, మీ ఇంట్లో అన్నం ఎలా వండుతారు, ఊపిరి బిగబట్టా?" అని. ఆ కుర్రాడు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి వెళ్ళిపోయాడు. దిబ్బ అక్కడే ఉంది.

తను మాత్రం ఎక్కడున్నాడు. తను సముద్రం మీద ఉన్నాడు. తెల్లారకముందే పడవ తోసుకుని పగడపు గట్టు దాటితే అంతా ఉప్పు గాలి, కడుపు నిండే గాలి. రోజంతా ఆ గాలి తను పీల్చాడు, ఈ గాలి ఆవిడ పీల్చింది. సాయంత్రం వెనక్కి తిరిగేటప్పుడు దూరం నుంచి ఊరి మీద గోధుమరంగు పొగ మూకుడులా బోర్లించి కనిపించేది, దాని నడిమి నుంచి మిల్లు గొట్టం, అదిగో ఇల్లు అనుకుని అటు తిప్పేవాడు చుక్కాని. ఆ పొగ చూసుకుని ఇల్లు చేరేవాడు. పొగ కనిపిస్తే సంతోషపడేవాడు. ఎన్ని సాయంత్రాలు ఆ పొగని చూసి సంతోషపడ్డాడో. మూకుడు కింద ఏముందో చూడలేదు. ఉన్నది పెళ్ళాం.

"బావా, దొరికిందా? దొరకలేదని ఆవిడ లంగా చింపి తేకు, అది మాకు పనికిరాదు, మేం మర్యాదస్తులం" అని పందిట్లోంచి ఇంకో గొంతు. మళ్ళీ నవ్వులు. "తొందర పెట్టకండిరా, మా బావకి ఒక్క మాట పుట్టడానికే పదేళ్ళు పడుతుంది, ఇక గుడ్డ దొరకాలంటే ఎన్నాళ్ళో" అని ఇలియేసా. లోపల ఆడవాళ్ళు కూడా అరచేతుల చాటున నవ్వారు. ఉనైసి నవ్వలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. చిన్న పిల్ల, ఉనైసి కన్నా చిన్నదే, రాత్రి డ్యూటీ చేసి కళ్ళు ఎర్రబడ్డ పిల్ల. ఆ పిల్ల ఒక్కతే కుర్చీ లాక్కుని కూర్చుని అడిగింది, ఎక్కడుంటారు, ఎన్నాళ్ళ నుంచి, పొయ్యి దేనితో, కిటికీ దేని వైపు. అన్నీ విని అంది. "తాగకపోయినా కాలేయం పాడవుతుంది పెద్దాయనా. ఏళ్ళ తరబడి మురికి గాలి పీల్చేవాళ్ళకి ఆ ముప్పు ఎక్కువని చాలా దేశాల్లో చూసి అంటున్నారు. పొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల దగ్గర ఆగదు, నెత్తుట్లోకి దిగుతుంది. నెత్తుటిని వడకట్టేది కాలేయమే. ఎన్నాళ్ళని వడకడుతుంది." కెలెరా ఇటు తిరిగింది అప్పుడు. చాలా రోజుల తర్వాత మొహం ఇటు తిప్పింది. "అయితే ఆ మాట వాళ్ళకి చెప్పమ్మా" అంది. "నర్సుకి చెప్పు. మా చర్చి వాళ్ళకి చెప్పు." డాక్టరమ్మ తల దించుకుంది. "మీకు అదే కారణమని ఖాయంగా చెప్పలేను అమ్మా. ముప్పు అని చెప్పగలను. ఒక్క మనిషిని చూపించి, ఇది పొగ వల్లే అని చెప్పడం ఎవరి వల్లా కాదు." నిజమైన పిల్ల, నిజం చెప్పింది, దానిమీద కోపం లేదు. కానీ అపిసాయ్‌కి అర్థం కానిది ఒకటే. యంగోనా అనడానికి ఎవరికీ ఖాయం అక్కర్లేదు, పొగ అనడానికి మాత్రం ఖాయం కావాలి. ముట్టని గిన్నెని పట్టుకుని నర్సు చెప్పగలదు, పెద్దలు చెప్పగలరు, అన్న చెప్పగలడు, నవ్వుతూ చెప్పగలరు. కళ్ళ ముందు కమ్ముకుని, పక్కబట్టలకి పట్టి, ఉమ్మితే నల్లగా వచ్చే పొగని మాత్రం చెప్పడం ఎవరి వల్లా కాదు. మనిషి మీద వెయ్యడం తేలిక. మనిషికి ఒక మొహం ఉంటుంది. పొగకి మొహం లేదు, దాన్ని ఎవరు గోడ వైపు తిప్పుతారు.

వంటగదిలో అల్మారా తలుపు తీశాడు. ఉన్నాయి. గుడ్డలు. దొంతరగా పేర్చి, అంచులు కలిపి. పిండి సంచులు విప్పి, కోసి, అంచులు కుట్టుకున్నవి. రోజూ పొద్దున్నే ఒక ఉతికిన గుడ్డ తీసేది, ఇల్లంతా ఆ ఒక్క గుడ్డతో తుడిచేది, కిటికీ రెక్కలు, బల్ల, ఉనైసి చిన్నప్పటి ఫోటో, బైబిలు అట్ట. తుడిచాక ఉడకేసి ఉతికి ఆరేసేది. ఆరేసిన చోటే మళ్ళీ మసి పడేది. తెల్లవే ఎందుకే, ఏ నల్లగుడ్డో వాడుకో, ఉతికే బాధ తప్పుతుంది అన్నాడు ఒకసారి, తను ఎప్పుడో మాట్లాడిన మాటల్లో ఒకటి. "నల్లగుడ్డ అబద్ధం చెప్తుంది" అంది కెలెరా, అంటూ గుడ్డ విదిల్చింది. ఎంత ఉతికినా ఇవి తెల్లగా లేవు. బూడిద రంగు. కానీ శుభ్రమైనవి. పై గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు వాసన, దాని కింద మిల్లు వాసన. ఇది ఇస్తే చాలు. దీనితో వడకట్టుకుంటారు, చప్పట్లు కొడతారు, తాగుతారు, చూశావా కెలెరా ఇంట్లో వడగుడ్డ ఉండనే ఉంది అంటారు, ఎంత బాగా దాచుకుందో అంటారు, నవ్వుతారు, తను కూడా నవ్వాలి, తర్వాత బండి వస్తుంది, కొండ మీద ఇలియేసా నోరు తెరుస్తాడు. ఆ దొంతర అంతా పొయ్యిలో పెట్టి తగలెయ్యాలనిపించింది. ఇల్లు తగలెయ్యాలనిపించింది. తగలేస్తే ఇంకొంచెం పొగ.

తలుపు మూశాడు. మూస్తే తలుపు వెనక మేకుకి వేలాడుతూ కనిపించింది. ఇన్ని వారాలూ అక్కడే ఉందది. ఆస్పత్రికి పోయిన రోజున, బండి బయట హారను కొడుతుంటే, ఉండండి ఉండండి అంటూ, ఉబ్బిన కడుపుతో, గోడ పట్టుకుని, ఇల్లంతా తుడిచి వెళ్ళింది. ఉతకడానికి వేళ లేక ఆ మేకుకి తగిలించింది. వచ్చాక ఉతుకుతాను, ముట్టుకోవద్దు అంది. ఎవరూ ముట్టుకోలేదు. ఉనైసి దానిని తప్పించుకుని వేరే గుడ్డలు తీసుకునేది. అపిసాయ్ ఆ గుడ్డని మేకు నుంచి తీశాడు. గట్టిగా అట్టలా ఉంది. ఆవిడ వేళ్ళు పట్టిన చోట మడతలు అలాగే ఉన్నాయి, ఆ మడతల్లో తన వేళ్ళు పెట్టాడు. సరిపోలేదు. ఆవిడ చెయ్యి చిన్నది. నలుపు లోపలికి పోయేలా, ఉన్నంతలో తెలుపు పైకి వచ్చేలా, మెల్లగా మడిచాడు. వల మడిచే చేతులు.

పందిట్లోకి వచ్చి, పద్ధతి ప్రకారం వంగి, చాపల అంచున కూర్చుని, గుడ్డని రెండు చేతులా ఇలియేసాకి అందించాడు. "వెతకమన్నావుగా బావా. దాచుకున్నదే" అన్నాడు. పందిరి గుంజలు కదిలేలా నవ్వారు. "చెప్పలేదూ, ఉండే ఉంటుందని" అన్నాడు ఇలియేసా, గెలిచిన మొహంతో. బకెట్టు ఎత్తి కొయ్యగిన్నెలో నీళ్ళు పోశాడు. తేట నీళ్ళు, గిన్నె అడుగున కొయ్య చారలు కనిపిస్తున్నాయి. పొడి వెయ్యబోయే ముందు గుడ్డ తడపాలి, ఎవరైనా అంతే చేస్తారు, ఇలియేసా గుడ్డ విప్పకుండానే ముంచి పిడికిట పట్టి పిండాడు.

వేళ్ళ సందుల్లోంచి నలుపు దిగింది. మొదట దారంలా, తర్వాత పాములా మెలికలు తిరుగుతూ, తర్వాత గిన్నె అంతా. కొయ్య చారలు మాయమయ్యాయి. నీళ్ళ మీద జిడ్డు తేలి, ఎండలో నీలంగా, ఊదాగా మెరిసింది. ఎవరో నవ్వు మొదలుపెట్టి మధ్యలో దగ్గారు. బావ ఎగతాళికి బావ ఎగతాళి, అపిసాయ్ కూడా ఒక ఆట ఆడాడని వాళ్ళు అనుకోవాలి, అనుకుంటే కోప్పడకూడదు, పవిత్రమైన గిన్నె పాడు చేసినా సరే కోప్పడకూడదు. అదీ పద్ధతే. అపిసాయ్ కొబ్బరి చిప్ప తన ముందుకు లాక్కున్నాడు. బోలుగా మోగేలా అరచేతులు కలిపి యంగోనా ఇచ్చేముందు కొట్టినట్టే చప్పట్లు కొట్టాడు, బతుకులో మొదటిసారి, ఈ గిన్నె ముందు. ఆ నీళ్ళే ముంచి, చిప్ప ఇలియేసా ముందుకు చాపాడు.

"తాగు బావా" అన్నాడు. "నీ చెల్లెలు తాగింది ఇదే. రోజూ తాగింది. తాగి, తర్వాత కొండ మీదకి వచ్చి చెప్పు, ఏం తాగి పోయిందో."

అంత పొడుగు మాట అపిసాయ్ నోట వాళ్ళెవరూ వినలేదు. ఇంట్లో ఆడవాళ్ళ ఏడుపు ఆగింది. గుమ్మంలోకి ఉనైసి వచ్చి నిలబడింది. ఇలియేసా చిప్ప అందుకున్నాడు, అందుకోకుండా ఉండకూడదు. అందుకున్నది తాగాలి, కింద పెట్టకూడదు. తాగలేదు, కింద పెట్టలేదు. నల్లటి నీళ్ళల్లో తన మొహం చూసుకుంటున్నవాడిలా చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, ఎగతాళి లేని గొంతుతో అడిగాడు.

"ఎన్నేళ్ళ మసి బావా ఇది?"

"ఒక్క పొద్దుటిది" అన్నాడు అపిసాయ్.

బయట బండి హారను కొట్టింది. ఇలియేసా చిప్పలో నీళ్ళు తిరిగి గిన్నెలో పోశాడు. యంగోనా పొట్లం విప్పకుండానే పక్కకి తోశాడు. గుడ్డని పిండకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే నాలుగు మడతలు పెట్టి, కొండ మీద మాట్లాడటానికి వేసుకొచ్చిన తెల్ల చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నల్లటి తడి జేబు దాటి ఛాతీ మీదికి పాకింది. "మావయ్యా, చొక్కా" అంది ఉనైసి. "ఉండనీ" అన్నాడు ఇలియేసా, పెట్టె ఎత్తడానికి వంగుతూ.